యాభై బారలు

ధవళేశ్వరం
18-11-2002

ఉదయభాస్కర్ బావకి,

చిన్నమ్మాయి రాస్తున్నాను. ఎనిమిదేళ్ళుగా మావైపు ఉత్తరం ముక్క రాయని మనిషిని క్షేమసమాచారాలు అడిగే ఓపిక నాకు లేదు. బాగానే ఉండుంటావు. తన ఒళ్ళు తను చూసుకోవడంలో నిన్ను మించినవాడు మన ఇంటా వంటా లేడు.

పనుండి రాస్తున్నాను. గౌతమి పాయ మీద పాత వంతెన ఒకటుంది. దాని స్తంభాలు నీళ్ళ అడుగున ఎలా ఉన్నాయో చూసి చెప్పే పని నాన్నకి వచ్చింది. మొత్తం పన్నెండు స్తంభాలు, పుష్కరాల లోపు పూర్తి కావాలి. విశాఖపట్నం కంపెనీ వాళ్ళ కాంట్రాక్టు, శ్రీకాంత్ గారని ఇంజనీరు. మన పద్ధతి నీకు తెలుసుగా, పడవ మీద కంప్రెసరు, దాన్నుంచి గాలి ట్యూబు, నడుముకి తాడు. ఆ ట్యూబు ఇనప చువ్వలకి చుట్టుకుంటుందని ఆయన ఒప్పుకోవడం లేదు. వీపుకి సిలిండరు కట్టుకునే దిగాలట. అక్కడితో ఆగినా బాగుండేది. దిగే మనిషి దగ్గర లోతు, టైము, గాలి చూపించే పరికరాలు ఉండాలట. లోతుకీ టైముకీ బ్యాకప్ కూడా ఉండాలట.

కాగితం చదివి వినిపిస్తే నాన్న ఆయనతో ఏమన్నాడో తెలుసా? “నా బ్యాకప్పు నడుముకున్న తాడేనండి. అది తెగితే మా ఆవిడ మెళ్ళో తాడు తెగుద్ది. అంతకంటే గట్టి షరతు మీ కాగితంలో ఉందా అండి?” శ్రీకాంత్ గారు నవ్వారు కానీ షరతు మాత్రం కొట్టెయ్యలేదు.

నాన్న భుజాలు పోయాయి. ఇప్పుడు దిగేది మా ఆయన. నువ్వూ ఆయనా కలిసే నాన్న దగ్గర పని నేర్చుకున్నారు కదా, అబ్బులు అంటే నీకు గుర్తుండే ఉంటుంది. పడవ మీద తాడు పట్టేది నేను. పోర్ట్ బ్లెయిర్‌లో తెల్లవాళ్ళని సముద్రం అడుక్కి తీసుకెళ్ళే గురువువని మా అత్త, అంటే మీ అమ్మ, ఊరంతా చెప్పుకుని తిరుగుతోంది. అందులో సగమైనా నిజమైతే ఏ పరికరాలు కొనాలో రాయి. నీళ్ళలో ఉన్న నీ ఫోటో ఒక్కటైనా పంపమని అత్త అడగమంది.

ఫోన్ మాత్రం చెయ్యకు. నీ గొంతు వింటే నాన్న ముందున్న కంచం విసిరేస్తాడు.

చిన్నమ్మాయి


పోర్ట్ బ్లెయిర్
9-12-2002

చిన్నమ్మాయికి,

నీ ఉత్తరంలో విషయం తక్కువ, పుల్లవిరుపులు ఎక్కువ. మావయ్య పెంపకం ఎక్కడికి పోతుంది.

ఆ తాడు గొప్పలు నా దగ్గర చెప్పకండి. నేను కింద ఉంటే తాడు పట్టే గంగయ్య పడవ మీద బీడీలు కాల్చేవాడు. మూడో బీడీ అయిపోగానే నన్ను పైకి లాగేవారు. అదీ మీ టైము లెక్క! ఒకరోజు గంగయ్యకి దగ్గొచ్చి మూడో బీడీ ఆర్పేసి, తగ్గాక మళ్ళీ వెలిగించాడు. ఆ రోజు నేను కింద ఎంతసేపున్నానో ఇప్పటికీ ఎవడికీ తెలియదు. ఆ బురదలో ఆ బీడీల కింద బతకలేకే వచ్చేశాను. ఇన్నాళ్ళకి ఎవరో ఒక ఇంజనీరు మీకు బుద్ధి చెబుతున్నాడంటే సంతోషం.

ఇక జాగ్రత్తగా చదువు. బ్యాకప్ అంటే ఒకే రకం రెండు కొనడం కాదు. రెండూ బ్యాటరీవే అయితే రెండూ ఆరిపోవచ్చు. మొదటిది డైవ్ కంప్యూటర్. చేతి గడియారం అంత ఉంటుంది. ఎంత లోతులో ఉన్నావో, దిగి ఎంతసేపయిందో, ఇంకెంతసేపు ఉండొచ్చో అదే లెక్క కట్టి చూపిస్తుంది. రెండోది ముల్లు ఉన్న లోతు గేజ్, దానికి బ్యాటరీ ఉండదు. దాని పక్కన నీళ్ళు దూరని మామూలు గడియారం. కంప్యూటర్ ఎడమ చేతికి, మిగతావి కుడి చేతికి. ఒక చెయ్యి ఎక్కడైనా ఇరుక్కుంటే రెండోది చూసుకోవచ్చు. గాలి గేజ్ వేరే ఉంటుంది, సిలిండర్ గొట్టానికి వేలాడుతుంది. నిండుగా ఉంటే ముల్లు రెండు వందల మీద ఉంటుంది, గాలి తగ్గేకొద్దీ దిగుతుంది. మెరిసే డయల్ ఉన్నవే ఏరాను. మీ గోదారి నీళ్ళలో కళ్ళద్దానికి ఆనించుకుంటే తప్ప ఏదీ కనబడదు.

అబ్బులుకి ఇదంతా తలకెక్కుతుందా అని నా అనుమానం. ఏడో తరగతిలో కూడా గడియారంలో పెద్ద ముల్లూ చిన్న ముల్లూ తారుమారు చేసేవాడు. వాడికి నేర్పించి దింపండి.

విశాఖ ఓడలో పనిచేసే మన పోతురాజు చేత సరుకు పంపుతున్నాను. ఫోటోలు దిగే తీరిక నాకు లేదని అమ్మకి చెప్పు.

ఉదయభాస్కర్


ధవళేశ్వరం
12-1-2003

బావకి,

సరుకు అందింది. పోతురాజు దాన్ని పసిపిల్లాడిలా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు.

నాన్న దేన్నీ ఊరికే నమ్మడు కదా. మన ముడుల తాడు గుర్తుందా, నిలువుకి ఒక ముడి వేసింది? దాని చివర ఇనప గుండు కట్టి, నీ కంప్యూటర్నీ నీ ముల్లునీ గుండు దగ్గరే కట్టి, తొమ్మిది నిలువుల లోతుకి దింపించాడు. శ్రీకాంత్ గారు తన టేపుతో తాడు కొలిచారు, సరిగ్గా పదిహేను మీటర్లు. తాడు అయిదు నిమిషాలు అలాగే ఉంచి తీశాం. అత్యధిక లోతు చూపించే గుర్తు రెండింటికీ ఉంటుందట కదా. రెండూ పద్నాలుగున్నరే చూపించాయి!

నాన్న నవ్వు వంతెన అవతలికి వినబడి ఉంటుంది. “ఒకటి అబద్ధమాడితే రెండోది పట్టిద్దని కదే బ్యాకప్పు? రెండూ కూడబలుక్కుని ఒకే అబద్ధం చెప్పాయి” అన్నాడు. ఉప్పు నీళ్ళ బరువుకి తయారు చేసిన సరుకు మంచినీళ్ళలో కాస్త తక్కువ చూపిస్తుందని శ్రీకాంత్ గారు సర్దిచెప్పారు. సముద్రం గురువుగారికి ఆ మాట ముందే తెలియదా? గోదావరి నీళ్ళు తాగి పెరిగిన మనిషివి, ఇక్కడి నీళ్ళు చప్పగా ఉంటాయని మర్చిపోయావా?

మా ఆయన మాత్రం నీ పరికరాలు చూసి మురిసిపోతున్నాడు. కంప్యూటర్ పెట్టుకునే అన్నానికి కూర్చుంటున్నాడు. నువ్వు ఆయన్ని ఎన్ని మాటలన్నా ఆయనకి నువ్వంటే గొప్పే. “భాస్కర్ చదువుకున్నోడు, వాడు చెప్పింది చేద్దాం” అంటాడు. ఆ మంచితనం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

పరికరాలు కింద ఆయన చూసుకుంటాడు. పైన తాడు పట్టిన నేనేం చెయ్యాలో నువ్వు ఒక్క ముక్క రాయలేదు.

చిన్నమ్మాయి


పోర్ట్ బ్లెయిర్
30-1-2003

చిన్నమ్మాయికి,

అర మీటరు తేడాకి ఎవడూ చావడు. గాలి అయిపోతే చస్తాడు. మావయ్యకి నవ్వుకోవడానికి ఇంకేదైనా దొరుకుతుందేమో చూడు.

తాడు పట్టేవాళ్ళకి వేరే పాఠం కావాలా? సరే. అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి, నీళ్ళు తగలకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి పంపుతున్నాను. పడవకి కట్టుకో. నీకు అర్థమయ్యేలా ఒక్కటే మాట రాశాను: “యాభై బార్ రాగానే మనిషిని పైకి తెచ్చెయ్యాలి. ఎవరేం చెప్పినా వినొద్దు.” ఇది ప్రపంచంలో ప్రతి డైవర్‌కీ తెలిసిన నియమం.

ఇంకా ఆ కుదుపుల భాషేనా మీకు? ఒక కుదుపంటే బాగున్నావా, బాగున్నాను. రెండంటే తాడు వదులు. మూడంటే నన్ను పైకి లాగండి. పరికరాలు వచ్చాక కూడా తాడుతో కబుర్లు చెప్పుకుంటామంటే, మిమ్మల్ని చూసి చేపలు నవ్వుతాయి. కట్టిపెట్టండి. అట్ట మీద ఉన్నది చెయ్యండి.

ఉదయభాస్కర్


ధవళేశ్వరం
16-2-2003

బావకి,

అట్ట అందింది. బారని ‘బార్’ అని రాశావు. ఆండమాన్ వెళితే అక్షరాలు కూడా తోకలు తెంచుకుంటాయా? రెండు చేతులూ బారజాపితే బార అంటారు, బార్ అంటే జనం తాగడానికి వెళ్ళేది. ఏడో తరగతిలో మా ఆయన గడియారం సంగతి గుర్తుంది కానీ, నీ తెలుగు సంగతి నీకు గుర్తులేదు.

సరే, పనిమాట. స్తంభం చుట్టూ తిరిగి వచ్చేసరికి తాడు ఇరవై అయిదు, ముప్పై బారలు పోతుంది. ఇన్నాళ్ళూ ముప్పై రాగానే లాగేసేవాళ్ళం. నువ్వు యాభై అంటున్నావు. మన తాడు నలభై బారలే, ఇంకో పదిహేను కట్టించాను. నాన్న మాత్రం “యాభై ఏంటే, ముప్పై చాలు” అని గొణుగుతున్నాడు. మా ఆయన యాభైకే సై అంటున్నాడు, చుట్టూ తీరిగ్గా చూడొచ్చని. ఎనిమిది స్తంభాలు పాత పద్ధతిలోనే ట్యూబుతో అయిపోయాయి, వాటి దగ్గర ఇనుము లేదని శ్రీకాంత్ గారు వదిలేశారు. మిగతా నాలుగూ సిలిండర్‌తో.

నాకు మనసొప్పడం లేదు. ముప్పయ్యా, యాభయ్యా? ఎగతాళి పక్కన పెట్టి ఖాయంగా రాయి. కింద ఉండేది నా మొగుడు.

చిన్నమ్మాయి


పోర్ట్ బ్లెయిర్
3-3-2003

చిన్నమ్మాయికి,

నాకు తెలుగు పాఠాలు చెప్పేంతదానివయ్యావా? ఒత్తులూ దీర్ఘాలూ మీ ఎలిమెంటరీ స్కూల్లో దిద్దుకో.

యాభై అంటే యాభై. ముప్పై అన్న మాట మావయ్య ఇంకోసారి ఎత్తితే నోరు మూయించు. నలభై ఏళ్ళు బురదలో దేవులాడినంత మాత్రాన తెలివి రాదు. మళ్ళీ మళ్ళీ అడక్కు, ఇక్కడ నాకు వంద పనులు.

ఉదయభాస్కర్


రాజమండ్రి, ఆసుపత్రి
22-3-2003

ఉదయభాస్కర్‌కి,

సోమవారం పొద్దున మా ఆయన తొమ్మిదో స్తంభం దగ్గర దిగాడు. నీ కంప్యూటర్ ఎడమ చేతికి, నీ ముల్లు కుడి చేతికి. నీ అట్ట నా కళ్ళెదురుగా పడవ కొయ్యకి కట్టి ఉంది.

తాడు ముప్పై బారలు పోయింది. ఒక కుదుపిచ్చాను. జవాబొచ్చింది. ముప్పై ఒకటి దగ్గర ఆగింది. కాసేపాగి ఇంకో కుదుపిచ్చాను. జవాబొచ్చింది కానీ ఆలస్యంగా, నిద్రలో ఉన్న మనిషి ఊ కొట్టినట్టు వచ్చింది. నా చేతికి తెలిసిపోయింది. నాన్న “లాగెయ్యవే” అన్నాడు. నేనేమన్నానో తెలుసా? “ఇంకా పంతొమ్మిది బారలుంది నాన్నా, ఎవరేం చెప్పినా వినొద్దని రాశాడు” అన్నాను. పుట్టినప్పట్నుంచి తాడు పట్టిన నా చెయ్యి ఒకటి చెబుతుంటే, నేను నీ అట్ట చూస్తూ కూర్చున్నాను. మూడోసారి కుదుపిచ్చాను. జవాబు రాలేదు.

ఇద్దరం కలిసి లాగాం. నోట్లో గొట్టం లేదు. చెవిలోంచీ ముక్కులోంచీ రక్తం. నాన్న ఆ పోయిన భుజాలతోనే గుండె మీద నొక్కుతూ కూర్చున్నాడు. నాన్న ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. ఎంతసేపటికో మా ఆయన నీళ్ళు కక్కి ఊపిరి తీసుకున్నాడు.

శ్రీకాంత్ గారు ఆసుపత్రికి వచ్చి అట్ట అడిగి చదివారు. “బార్ అంటే తాడు కాదమ్మా, సిలిండర్లో గాలి కొలత. గేజ్ ముల్లు రెండు వందల నుంచి యాభైకి దిగితే పైకి రమ్మని దీనర్థం. మీతో కూర్చుని ఒక్కసారైనా చదవాల్సింది నేను” అన్నారు.

మా ఆయనకి మాటొచ్చాక అడిగాను, ముల్లు చూసుకోలేదా అని. చూశాడట. యాభై దాటడం చూశాడు, ఇరవై దాటడం చూశాడు. “యాభై బారలు కాలేదు కదా, నువ్వు లాగలేదంటే ఇంకా టైముందనుకున్నా. భాస్కర్ లెక్క తప్పుద్దా?” అన్నాడు. ముళ్ళు తారుమారు చేస్తాడన్నావే, ఆయన ముల్లు సరిగ్గానే చదివాడు. నమ్మిన మనిషే తప్పు.

కుడి చెవి పోయింది. ఇక జన్మలో నీళ్ళ కిందికి దిగకూడదన్నారు.

బార కాదే బార్ అని ఒక్క ముక్క రాయడానికి నీకు చెయ్యి రాలేదు. నేను అడిగాను. ఎగతాళి పక్కన పెట్టి మరీ అడిగాను.

చిన్నమ్మాయి


పోర్ట్ బ్లెయిర్
8-4-2003

చిన్నమ్మాయీ,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపేశాను.

ఫిబ్రవరిలో నువ్వు రాసింది నేను మొత్తం చదవలేదు. అక్షరాల తోక మీద నీ ఎగతాళి దగ్గరే నాకు మండిపోయింది. కిందికి చూస్తే ముప్పై అన్న అంకె కనబడింది. గాలి ముప్పైకి దిగేదాకా ఉంటామంటున్నారు మూర్ఖులు, అనుకుని జవాబు గిలికేశాను. తాడు అన్న మాట ఉత్తరంలో ఎన్నిసార్లుందో నీ కబురొచ్చాక లెక్కపెట్టాను. రెండుసార్లు. ఒక్కటీ నా కంటికి ఆనలేదు. అవతల ఉన్నది మీరే కదా, తెలియనివాళ్ళు మీరే కదా అని నా ధీమా.

ఇంకోటి కూడా చెప్పాలి. నేను నీళ్ళలోకి దిగి నాలుగేళ్ళయింది. ఇక్కడికొచ్చిన కొత్తలో దిగేవాణ్ణి, బాగానే దిగేవాణ్ణి. ఒకరోజు చేతికున్న కంప్యూటర్ ఆరిపోయింది. రెండోది లేదు. ఎంత లోతులో ఉన్నానో, ఎంతసేపయిందో తెలియలేదు. నడుముకి తాడైనా లేదు, అవతల పట్టుకున్న మనిషీ లేదు. భయపడి ఒక్క ఊపున పైకొచ్చేశాను. లోతు నుంచి అంత వేగంగా వస్తే రక్తంలో గాలి బుడగలు కడుతుంది, రెండు నెలలు కాళ్ళు పనిచెయ్యలేదు. తర్వాత కాళ్ళొచ్చాయి కానీ ధైర్యం రాలేదు. జెట్టీ చివర నిలబడితే ఇప్పటికీ ఒళ్ళు చల్లబడిపోతుంది. ఓనరు జాలిపడి కౌంటర్లో కూర్చోబెట్టాడు. వచ్చినవాళ్ళకి బ్యాకప్ ఎందుకు కావాలో చెప్పి అమ్ముతుంటాను. నేను గురువుని కాదు, గుమాస్తాని. ఫోటో లేనిది అందుకే.

అబ్బులు చెవికి నేనే కారణం. మావయ్యకి ఈ ఉత్తరం చదివి వినిపించు. ఏమన్నా పడతాను.

భాస్కర్


ధవళేశ్వరం
27-4-2003

బావకి,

చదివి వినిపించాను. నాన్న కంచం విసరలేదు. “ఆ రోజు గంగయ్య బీడీ ఆర్పిన సంగతి నాకు తెలుసే. వాడికి చెప్పలేదు” అన్నాడు.

మా ఆయన నిన్నేమీ అనొద్దంటున్నాడు. ఆయన మంచితనం ఆయనది. నేను అంటాను. నాలుగేళ్ళు భయాన్ని గొప్పల కింద దాచుకుని, మమ్మల్ని మూర్ఖులని తిట్టుకుంటూ బతికావు. నువ్వు నీళ్ళకి భయపడ్డావని నేను నిన్ను చులకన చెయ్యను. గోదావరంటే భయం లేనివాణ్ణి నాన్న అసలు పడవే ఎక్కించుకోడు. ఆ భయం దాచుకోవడానికి మా మీద ఎక్కి కూర్చున్నావు చూడు, అందుకు చీ అంటాను. నా చెయ్యి చెప్పింది వినకుండా అట్ట చూశాను కదా, ఆ చీ నాకూ కొంచెం తగులుతుంది.

ఇంకా నాలుగు స్తంభాలు మిగిలాయి. నేను దిగుతున్నాను. పదేళ్ళప్పుడే నాన్న నన్ను నీళ్ళ అడుక్కి దింపాడని నీకు తెలుసు, అప్పుడు నువ్వు ఒడ్డున కూర్చుని నా కంటే ఎక్కువ ఏడిచావు. పరికరాలు పెట్టుకుంటాను, అవి మంచివే. బార్ ఏంటో, బార ఏంటో శ్రీకాంత్ గారు దగ్గర కూర్చుని నేర్పారు. ఆ అట్ట వెనక్కి తిప్పి కొత్తగా రాసుకున్నాను. గాలి కొలతకి గాలి అని రాశాను, తాడుకి తాడు అని రాశాను.

తాడు మా ఆయన పడతాడు. పట్టడానికి చెవి అక్కర్లేదు. కానీ ఆయనకింకా ఉండుండి కళ్ళు తిరుగుతున్నాయి. నాన్న భుజాలు మొన్నటితో పూర్తిగా పోయాయి. ఏదైనా ఒకటే ఉంటే చాలదని నువ్వే రాశావు. మా ఆయన వెనకాల తాడు మీద ఇంకో చెయ్యి కావాలి. నీళ్ళలో అడుగు పెట్టక్కర్లేదు, పడవలో కూర్చుంటే చాలు. మొదటి పరికరంగా నువ్వు పనికిరావు, అది తేలిపోయింది. బ్యాకప్‌గా పనికొస్తావేమో చూద్దాం.

మే పదిహేనున దిగుతాను. కుదుపుల భాష గుర్తుందో, అదీ మర్చిపోయావో రాయి.

చిన్నమ్మాయి


పోర్ట్ బ్లెయిర్
6-5-2003

చిన్నమ్మాయీ,

ఎల్లుండి ఓడకి టికెట్టు తీసుకున్నాను. ఈ ఉత్తరం నాకంటే ముందొస్తుందో, నేనే ముందొస్తానో తెలియదు.

కుదుపులు గుర్తున్నాయి. ఇదే జవాబు:

మూడు కుదుపులు.

భాస్కర్